పట్టువిడుపులు

మన తెలుగున నొక చిన్న పనికి పెక్కు పేరులు గలవు. బడిలో చిన్నపిల్లవాడు చిటికెనవ్రేలు పైకెత్తి చూపును. కొంచెము పెద్దవాడైనచో 'ఒంటికి' అనును. ఆచారవంతులు అల్పాచమానమందురు. పండితులు లఘుశంక యందురు. మరికొందరు 'ఇప్పుడే వచ్చెదము' అని మాత్రము చెప్పి లేచిపోవుదురు. పేరులిన్ని యున్నను, పదిమందిలో కూర్చున్న ఆడుది నోరు విప్పి చెప్పదగిన పేరు వీనిలో నొక్కటియు లేదు. ఈ సంగతి మాకు అరువదియెనిమిదవ యేట తెలిసినది. తెలియజేసినది మా కోడలి జబ్బు. వివరించినది కంటికి కానరాని యొక వెండ్రుక.

రెండేండ్లక్రిందట మే నెలలో, మా తమ్ముని కుమారుని పెండ్లికి కోనసీమనుండి కర్నూలునకు బస్సు మాట్లాడుకొని పోతిమి. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, చీకటిపడు వేళకు చేరవలసిన ప్రయాణము. అందరును కలిసి ముప్పదియారుగురము. అందు పందొమ్మిదిమంది ఆడువారు. వయసున పెద్దలమగుటచే డ్రైవరు వెనుకసీటును, బస్సు ఎక్కడ ఆపవలెనో చెప్పు నధికారమును మాకు దక్కినవి. మగవారికి చెట్టు చాలును. బస్సు కాఫీకి ఆగినను, టైరు చూచుకొనుటకు ఆగినను, ఆ రెండు నిమిషములలో మావాండ్రు నలుగురైదుగురు దిగి, తుమ్మచెట్ల చాటునకు పోయివచ్చి, తేలికపడిన మొగములతో ఎక్కుచుండిరి. గుంటూరు దాటిన పిమ్మట మా యింటావిడ వెనుకనుండి వచ్చి మెల్లగా, "ఆడవాళ్లు ఒకసారి దిగుతామంటున్నారండీ. ఎక్కడైనా కాస్త చూసి ఆపించండి" అన్నది.

"ఇక్కడెక్కడ దిగుతారు, రోడ్డు మీదా? వినుకొండలో చూద్దాంలే. ఎదురుకోలు వేళకి అందుకోవాలా, వద్దా?" అంటిమి.

వినుకొండలో మేమాపించిన హోటలున మరుగుదొడ్డి యున్నమాట నిజమే. దాని తలుపునకు గడియ లేదు, లోపల నీరు లేదు. ఆడువారు పోయి చూచి, ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొని తిరిగివచ్చి కూర్చుండిరి. ఆ తరువాత నల్లమల యడవి. అక్కడ ఆపుటకు మాకే భయము వేసినది.

మా కోడలు మూడవ వరుసలో కిటికీప్రక్కన కూర్చున్నది. నీళ్లసీసా చేతికి వచ్చినపుడెల్ల తాను త్రాగక ప్రక్కవారికి అందించుచుండుట మేము డ్రైవరు ముందరి అద్దములో చూచితిమి. ఎండ నిప్పులు చెరుగుచున్నది. "చూశావా, ఎంత ఓర్పు గల పిల్లో!" అని తమ్మునితో అంటిమి కూడ. ఆ మాట మమ్ము ఇప్పటికిని విడువలేదు.

ఇంటికి తిరిగివచ్చిన మూడవనాడు ఆమెకు చలితో జ్వరము వచ్చినది. మార్గాయాసమని కొందరు, ఎండదెబ్బ యని కొందరు అనిరి. మా యింటావిడ 'వేడి చేసింది' అని బార్లీ జావయు సబ్జా నీళ్లును ఇచ్చి, అంతటితో ఊరకుండక, అలమరలో ఎవరికో తెచ్చి మిగిలిపోయిన మాత్రలు నాలుగు తీసి రెండురోజులు మ్రింగించినది. మాత్రలు అయిపోయినవి, జ్వరము పోలేదు. ప్రక్కటెముకల క్రింద, వెనుకప్రక్కన నొప్పి మొదలై, వాంతులు కూడ పట్టుకొన్నవి. అప్పుడు పట్టణమునకు తీసికొనిపోతిమి.

అక్కడి వైద్యురాలు నడివయసు మనిషి. "మంట ఎప్పటినుంచి ఉందమ్మా?" అని కోడలిని అడిగినది. మా యింటావిడ "మంటేమీ లేదండీ, జ్వరమే" అని తాను బదులు చెప్పినది. వైద్యురాలు మా మువ్వురివంకను (మా కుమారుడును అక్కడనే నిలిచియున్నాడు) ఒక్కసారి చూచి, "మీరంతా కాసేపు బయట కూర్చోండి" అన్నది. పావుగంట పిమ్మట తెలిసినది ఇది. మంట పెండ్లిరాత్రినుండియే యున్నది. నాటికి ఏడు దినములు. కట్టుకొన్న భర్తకును చెప్పలేదు, అత్తకును చెప్పలేదు. "ఎలా చెప్పను డాక్టరుగారూ, వాళ్లు ఏమనుకుంటారో" అన్నదట. మూత్రమును పరీక్షకు పంపిరి. రెండుదినములకు ఫలితము వచ్చినది. ఈ. కోలి అను సూక్ష్మజీవి మూత్రాశయమునుండి పైకి ప్రాకి, కుడి మూత్రపిండమును పట్టినది. అలమరలోని మాత్రలజాతి మందునకును, మరియొక దానికిని ఆ జీవి లొంగదని ఆ కాగితముననే వ్రాసియున్నది. అయిదుదినములు ఆసుపత్రిలో నుంచి సూదిమందు లిచ్చినపిమ్మట మనిషి తేరుకొన్నది.

బిల్లు కట్టి బయలుదేరునపుడు మేము వైద్యురాలితో, "అంత నీరు పోసి కడుగుతూ ఉండే చోట అది ఎలా నిలబడిందండీ?" అని అడిగితిమి. బడిపంతులుగా ముప్పది సంవత్సరములు పనిచేసినవారికి ప్రశ్నలడుగు అలవాటు ఒకపట్టాన పోదు. ఆమె మందులచీటి వెనుక పెన్నుతో నొక బొమ్మ గీచినది. సజ్జగింజవంటి ఆకారము, దానిచుట్టు గొంగళిపురుగునకున్నట్లు నూగు. "మీ కోడల్ని పట్టుకున్నది ఇదండీ. పట్టుకున్నదంటే మాటవరసకి కాదు, నిజంగానే పట్టుకుంటుంది" అన్నది. ఆ చీటి మాయొద్ద నేటికిని ఉన్నది. విశాఖపట్టణమున జీవరసాయనము చదువుచున్న మా చెల్లెలి మనుమరాలిని పట్టుకొని, ఆ నూగును గురించి ఆరునెలలు మేము చదివితిమి; కొంత ఆమెచేత చదివించుకొంటిమి.

ఆ జీవి దొంగతనముగ వచ్చినది కాదు. 1885లో జర్మను వైద్యుడు ఎషెరిఖ్ పసిబిడ్డల మలములో దీనిని మొదట కనిపెట్టెను. మన అందరి ప్రేగులలోను ఇది కాపురమున్నదే. అక్కడ చాలవరకు మనకు హాని చేయదు. అది తన చోటు వదలి మూత్రమార్గమున ప్రవేశించినపుడే చిక్కు. ఆడువారిలో ఆ మార్గము సుమారు 4 సెంటీమీటర్లు, మగవారిలో 20. ఈ కొలత బ్రహ్మ పెట్టినది గాని శీలము పెట్టినది గాదు. ఈ జబ్బు వచ్చిన ఆడుదానిని 'శుభ్రత లేనిది' అనుట మన యిండ్లలో నున్నది. అంతకంటె చెడ్డమాటలు అనుటయు నున్నది. మా కోడలు భయపడినది ఆ మాటలకే.

నూగు సంగతికి వత్తము. 1955లో స్కాట్లండునందలి ఎడింబరో నగరమున డూగిడ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఈ జీవులను చూచి, ఈదుటకు పనికివచ్చు పొడవైన తోకలు గాక, వానికంటె సన్నని పోగులు వందలకొలది ఒంటినిండ నుండుట వర్ణించిరి. వారు పెట్టిన పేరు 'ఫింబ్రియా', అనగా కుచ్చు. కొలది సంవత్సరములకు అమెరికాలో బ్రింటన్ అనునాయన 'పైలస్' అన్నాడు. లాటిను భాషలో వెండ్రుక యని యర్థము. రెండు పేరులును నిలిచిపోయినవి. అప్పటికే తెలిసిన వింత యొకటి యుండెను. ఈ జీవులను ఎఱ్ఱ రక్తకణములతో కలిపినచో, కణములన్నియు పెరుగు విరిగినట్లు ముద్దలు కట్టును. అందు మానోస్ అను నొక చక్కెరను కలిపినచో ముద్దలు విడిపోవును. అనగా కణముల మీద మానోస్ వంటిదేదో యున్నది, నూగు దానిని పట్టుకొనుచున్నది. విడి చక్కెర దొరకగనే చేయి నిండి, పట్టు జారిపోవుచున్నదన్నమాట.

ఒక్కొక్క వెండ్రుక మందము మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో అందు ఏడు భాగములు. మన తలవెండ్రుకలో సుమారు పదివేలవ వంతు. పొడవు మాత్రము ఆ జీవి శరీరమంత, లేక అందులో సగము. ఇది కేవలము మాంసకృత్తులతో కట్టినది. 'ఫిమ్-ఏ' అను ఒకేరకపు మాంసకృత్తు పూసలు వెయ్యికి పైబడి మెలికలు తిరిగి, చుట్టునకు మూడు పూసలకంటె కొంచెమెక్కువగా పేర్చబడి, త్రాటివలె ఏర్పడును. ఆ త్రాటి కొనయందు వేరురకపు పూసలు రెండు, అన్నిటికంటె చివర 'ఫిమ్-హెచ్' అనునది. పట్టుకొనునది ఈ చివరి పూస యొక్కటియే. దాని కొనయందొక గుంట యున్నది. మానోస్ అందులో కుదురుగా కూర్చుండును. తక్కిన త్రాడంతయు ఆ యొక్క గుంటను ముందునకు చాచి పట్టుటకే.

ఈ త్రాడు పేనుకొను విధము మేము చదివినవానిలో మిక్కిలి సొగసైనది. ప్రతి పూసకును పుట్టుకతోనే ఒక లోటున్నది. ఏడు పేటలతో అల్లిక పూర్తి కావలసిన చోట దానికి ఆరు పేటలే కలవు. ఏడవది లేనిచోట ఒక కోత, ఒక గాడి. అట్టి పూస ఒంటరిగ నున్నచో నిలువదు. ముడుచుకొని పాడైపోవును, లేదా దొరికినదానికెల్ల అంటుకొనును. అందుచే అది పుట్టిన వెంటనే 'ఫిమ్-సి' అను వేరొక మాంసకృత్తు దానిని చేరదీసి, తన పేట నొకదానిని ఆ గాడిలో దూర్చి, అరువు ఇచ్చి కాపాడును. శాస్త్రజ్ఞులు ఇట్టిదానిని షాపెరోన్ అందురు. పూర్వము ఆంగ్లేయుల యిండ్లలో పెండ్లికాని పిల్ల నలుగురిలోనికి పోవునపుడు వెంట నడచు పెద్దముత్తైదువకు ఆ పేరు. మనము తోడు పెండ్లికూతురనవచ్చును. ఈ తోడురాలు పూసను నడిపించుకొనిపోయి, జీవి పైపొరలో నున్న 'ఫిమ్-డి' అను ద్వారమువద్ద అప్పగించును. అక్కడ వెనుకవచ్చు పూస తన తోకనొకదానిని చాచి, ముందరి పూస గాడిలోనుండి తోడురాలి పేటను కొంచెము కొంచెముగా త్రోసివేయుచు, ఆ స్థానమున తాను దూరును. తోడురాలు తప్పుకొని మరియొక పూసకొరకు వెనుకకు పోవును. ఇట్లు ప్రతి పూసయు తన వెనుకదాని తోకతో పూర్తియగును; తన తోకతో తన ముందరిదానిని పూర్తిచేయును. ద్వారములోనుండి త్రాడు పూస వెంబడి పూసగ బయటికి పెరుగును.

అరువు పేటతో కాపాడు ఈ వైనము 1999లో ఎక్స్ కిరణములసహాయమున బయటపడినది. 2011లో ద్వారము, తోడురాలు, చివరి పూస మూడును ఒక్కచోట చిక్కుకొనియుండగా రూపు కట్టినది. ఆ చోట కణమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. లేదు. ఐనను పని జరుగును. అరువు పేటకంటె సొంత కుదురు గట్టిగ నమరుటయే దానికి చాలిన బలము. ఇంతటి నేర్పు మన రోగమునకు కారణమగుచున్నదే యని మాకు కోపము రావలసినది. వచ్చినది మాత్రము మెచ్చుకోలే.

మరియు, ఈ జీవి ఎల్లవేళల నూగు పెంచుకొనదు. దాని వంశలిపిలో నొక చిన్నముక్క యిటు తిరిగిన నూగు మొలచును. అటు తిరిగిన మొలవదు. విద్యుద్దీపపు మీటవంటిది. కనుక ఒక్క గుంపులోనే కొన్నిటికి నూగుండును, కొన్నిటికి నుండదు. మూత్రపిండమువరకు ఎక్కగల రకములకు 'పి' అను మరియొక జాతి నూగు కూడ నుండును. దాని కొన వెదకునది మానోసును కాదు, మూత్రపిండపు కణముల మీది వేరొక చక్కెర జంటను. మా కోడలిని పట్టినదానికి ఈ రెండవజాతి యుండెనో లేదో ఎవరును పరీక్షింపలేదు. ఆసుపత్రులలో అట్టి పరీక్ష చేయరు.

ఇక మా ప్రశ్న. మూత్రము వరదవలె పారునపుడు అది ఎట్లు నిలుచును? మూత్రాశయపు లోపలిపొరనిండ మానోస్ తగిలిన మాంసకృత్తులున్నవి; పట్టుకొనుటకు కొదువ లేదు. పట్టు చిత్రమైనది. 2002లో అమెరికాలోని సియాటిల్ నగరమున పరిశోధకులు ఈ జీవులమీదుగ నీటిని మెల్లగను, వేగముగను పారించి చూచిరి. మెల్లగ పారినపుడు పట్టు వదులుగ నుండెను. వేగము పెంచినకొలది బిగిసెను! చేదకు వేసిన ఉచ్చుముడి లాగినకొలది బిగిసినట్లు, ఫిమ్-హెచ్ పూసలోని రెండు భాగములు లాగుడునకు ఒకదానినుండి ఒకటి ఎడమైనపుడు, కొన గుంట మూసికొని చక్కెరను గట్టిగ పట్టును. వదులుగ నున్నపుడు జీవి ప్రాకుచు తిరుగును; ఉరవడి రాగనే నిలిచిపోవును. ఇది చాలనట్లు, లాగుడు మిక్కుటమైనచో మెలికల త్రాడు విడివడి, చాలరెట్లు పొడవు సాగి, ఉరవడి తగ్గగనే మరల చుట్టుకొనును. గోదావరికి వరద వచ్చినపుడు పడవవారు మోకును బిగించి కట్టరు, వదులిత్తురు. బిగించినది తెగును, వదులిచ్చినది నిలుచును. ఆ తెలివి ఈ వెండ్రుకకు నున్నది.

ఇది చదివిన నాడు మాకు పెద్ద సందేహము పుట్టినది. నీరెక్కువ త్రాగుమని వైద్యురాలు కోడలికి చెప్పినది. పారుదల హెచ్చినకొలది పట్టు బిగియునదైనచో, నీరు త్రాగుట తప్పేమో! మనుమరాలిని అడిగితిమి. ఆ పిల్ల నవ్వి, "తాతగారూ, గోడను పట్టుకున్నవాటి సంగతి మీరు చదివారు. గోడ పట్టుకోనివాటి సంగతి చదవలేదు" అని ఇంకొక కట్ట కాగితములు ముందు పెట్టినది.

ఆ కట్టలో మాకు దొరికినదానిని ఈ వ్యాసమున అన్నిటికంటె ముఖ్యముగ చెప్పదలచితిమి. 1950లో న్యూయార్కు నగరమున టామ్, హార్స్‌ఫాల్ అను ఇరువురు మనుష్యుల మూత్రమునుండి ఒక మాంసకృత్తును వేరుచేసిరి. దాని నిప్పుడు యూరోమోడ్యులిన్ అందురు. ఆరోగ్యవంతుని మూత్రమున నుండు మాంసకృత్తులలో అధికభాగము ఇదియే. మూత్రపిండము దీనిని ప్రతిదినము తయారుచేసి విడుచుచునేయుండును. ఏమిటికో చాలకాలము తెలియలేదు. ఇది పొడవైన దారములుగ అల్లుకొనును. ఆ దారములపొడుగున మానోస్ చక్కెరలు వ్రేలాడుచుండును. 2020లో జూరిక్ నగరపు పరిశోధకులు దీని రూపును, ఈ. కోలి నూగు దీనికి తగుల్కొనియున్న రీతిని చూపిరి. ఫిమ్-హెచ్ కొన గోడనుకొని ఈ దారమును పట్టుకొనును. ఒక దారమునకు పెక్కు జీవులు చిక్కి ముద్దకట్టును. పక్షులకు పన్నిన వలలో గింజలు చల్లినట్లు, మన శరీరము సూక్ష్మజీవికి దాని కిష్టమైన చక్కెరనే ఎరగా కట్టి, వల పన్నియున్నది. ఎవరును నేర్పకయే, అడుగకయే ప్రతిదినమును పన్నుచున్నది.

ఐతే వలలో పడినదానిని బయటికి తీసికొనిపోవు ఏర్పాటు ఒక్కటియే యున్నది. ఆ ఏర్పాటునకే మన భాషలో అన్ని పేరులును, మన ఆడువారికి అన్ని అడ్డంకులును.

మేము కాగితముమీద లెక్క కట్టితిమి. అనుకూలమైన పోషణయున్నచో ఈ జీవి 20 నిమిషములకొకసారి రెండగును. ఆరుగంటలలో పదునెనిమిది మార్లు. ఒక్కటి 2,62,144 అగును. మూత్రములో ఇంత వేగముగ పెరుగదని మనుమరాలు సరిదిద్దినది. సగము వేగమే అనుకొన్నను ఆరుగంటలకు ఒకటి 512 అగును. ఆ దినము బస్సులో మా కోడలు కూర్చున్నది ఆరుగంటలు కాదు, పదునాలుగు గంటలు. త్రాగిన నీరు అరసీసా. మేము అంతకుముందెన్నడును ఇంత చిన్నలెక్క చేసి ఇంత సిగ్గుపడియుండలేదు.

నీటిని గురించి ఊహతో పనిలేదు. 2018లో ప్రకటించిన యొక పరిశోధన గలదు. తరచు ఈ జబ్బు వచ్చుచు, దినమునకు లీటరున్నరకంటె తక్కువ ద్రవము త్రాగు 140 మంది స్త్రీలను బల్గేరియా దేశమున రెండు జట్లుగ చేసిరి. ఒక జట్టు ఏడాదిపాటు దినమునకు మరియొక లీటరున్నర నీరు అదనముగ త్రాగినది. త్రాగనివారికి ఆ యేట సగటున 3.2 మార్లు జబ్బు తిరుగబెట్టగా, త్రాగినవారికి 1.7 మార్లు మాత్రమే వచ్చినది. మందు లేదు, మాకు లేదు, నీరు. ఐనను ఈ మందు మన ఆడువారికి వ్రాసి యిచ్చునపుడు వైద్యులు ఒక్క ప్రశ్న అదనముగ అడుగవలెను. "త్రాగినపిమ్మట పోవుటకు చోటున్నదా?" అని. నీరు త్రాగవలెనని తెలియక త్రాగనివారు కొద్ది. చోటు లేక త్రాగనివారే ఎక్కువ. బడిలో తాళము వేసిన దొడ్డి గల బాలికయు, బట్టల దుకాణమున పదిగంటలు నిలుచుండు పిల్లయు, పొలములో కలుపుతీయు కూలితల్లియు ఎరిగియే మానుకొనుచున్నారు.

చక్కెరనే విడిగ మ్రింగినచో నూగునకు చేయి నిండి ఊడిపోవునుగదా యన్న ఆశ సహజమే. డీ-మానోస్ పొడి మందుల దుకాణములలో అమ్మబడుచున్నది. మేమును ఒక డబ్బా కొని తెచ్చితిమి. 2024లో ప్రకటించిన బ్రిటిషు పరిశోధనలో సుమారు ఆరువందలమంది స్త్రీలు ఆరునెలలు దానినో, ఉత్త పొడినో పుచ్చుకొనగా, రెండు జట్లకును దాదాపు సమముగనే జబ్బు తిరుగబెట్టినది. మా డబ్బా అలమరలోనికి పోయినది. ఫిమ్-హెచ్ గుంటలో మానోస్ కంటె బిగువుగ కూర్చుండు మందులను, ఆ పూసకు విరుగుడు పుట్టించు టీకాలను రూపొందింప పెక్కుచోట్ల శ్రమించుచున్నారు. జీవిని చంపక, దాని చేయి విడిపించు మందులివి. మనము మిగిలిన మాత్రలు మ్రింగి మ్రింగి పాత మందులను మొద్దుబార్చినందున, వీని యవసరము నానాటికి హెచ్చుచున్నది.

ఇంకొక సంగతి చదివినపుడు మాకు మా అక్కగారు జ్ఞప్తికి వచ్చినది. నూగుతో గోడ పట్టుకొన్న జీవులు కొన్ని అక్కడనే యుండక, ఆ గోడకణముల లోనికి దూరి, లోపల గుంపులుగ పెరుగును. 2003లో ఎలుకల మూత్రాశయమున ఈ గుంపులను చూచిరి. తరువాత స్త్రీల మూత్రముననుకూడ అట్టి కణములు కనబడినవి. లోపలనున్నవానిని మూత్రము కడుగలేదు, కొన్ని మందులు చేరలేవు. జబ్బు నయమైనదనుకొన్న కొన్ని వారములకు మరల తిరుగబెట్టుటకు ఇదియొక కారణమని తలచుచున్నారు.

మా అక్కగారు ఇరువదిరెండవ యేట భర్తను పోగొట్టుకొని మా యింటికి వచ్చినది. నలుబదియేండ్లు మాతో నున్నది. ఆమెకు ఏటికి నాలుగైదుమార్లు 'వేడి చేయుట' ఉండెడిది. అట్టిదినములలో పెరటి అరుగుమీద మోకాళ్లు పొట్టకు నొక్కుకొని కూర్చుండెడిది. అడిగినచో "ఏమీ లేదురా, కాస్త కడుపునొప్పి" అనెడిది. ఇంటిల్లిపాదియు "ఆవిడకు ఎప్పుడూ ఏదో ఒక జబ్బే" అని నవ్వుకొనెడివారము. మా యింట దొడ్డి పెరటికి ఆవల, వీధివారికి కనబడునట్లు, పశువులపాక దాటినపిమ్మట నుండెను. పగటిపూట మగవారు పాకలో పనిచేయుచుందురు. ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచెడిది. మరల దీపాలు పెట్టినపిమ్మటగాని ఆవైపు పోయెడిది కాదు. మధ్యాహ్నము భోజనమువేళ నీళ్లచెంబు ముందు పెట్టిన చెంబు పెట్టినట్లే యుండెడిది. బ్రాహ్మముహూర్తమున లేచుట ఆమె భక్తి యనియు, నీరు ముట్టకుండుట ఆమె నియమమనియు మేము నమ్మితిమి. ఆమె నలుగురితో అనిపించుకొన్న మంచిపేరులో సగము దీనివలన వచ్చినదే. మూత్రపిండములు చెడి అరువదిరెండవ యేట పోయినది. ఆమె వ్యాధికి కారణమేమో ఎవరును పరీక్షించి చెప్పలేదు గనుక మేమును చెప్పరాదు. ఆ పెరటిలో గోడ యొకటి కట్టించుటకు మాకు నలుబదియేండ్లలో తోచలేదని మాత్రము చెప్పవచ్చును.

ఈ సంగతులన్నియు ఇంటిలో చెప్పవలెనా, వద్దా యని కొంతకాలము తటపటాయించితిమి. కోడలి యెదుట మామగారు మాటలాడదగిన విషయమా ఇది? తుదకు ఒక ఆదివారము, భోజనములైన పిమ్మట, అందరును ఉండగా, వైద్యురాలు గీచిన బొమ్మ బల్లమీద పెట్టి, బడిలో పాఠము చెప్పినట్లే మొదలుపెట్టితిమి. నూగు, పూసలు, తోడు పెండ్లికూతురు వరకు అందరును చక్కగ వినిరి. మూత్రము అను మాట వచ్చినపుడు మా యింటావిడ లేచి వంటయింటిలోనికి పోయినది. కోడలు తల వంచుకొన్నది గాని లేవలేదు. వల సంగతి చెప్పగనే తలయెత్తి, "అయితే మామయ్యగారూ, ఆపుకుంటే వల లోపలే ఉండిపోతుందన్నమాట" అన్నది. ముప్పదియేండ్ల పంతులుగిరిలో మాకు ఇంత తృప్తినిచ్చిన శిష్యురాలు లేదు. వంటయింటిలో గిన్నెల చప్పుడు ఆగియుండుటయు మేము గమనించితిమి.

క్రిందటి మాఘమాసమున మరల పెండ్లిబస్సు కట్టితిమి, ఈమారు నెల్లూరునకు. రెండుగంటలకొకసారి ఆపవలెనని బయలుదేరకముందే డ్రైవరుతో ఒప్పందము చేసికొంటిమి. అతడు మావంక వింతగ చూచెను. ఒంగోలు దాటినపిమ్మట ఒక పెట్రోలు బంకున ఆపించితిమి. ఆడువారి దొడ్డికి తాళము వేసియున్నది. తాళపుచెవి మేనేజరుగారివద్ద నున్నదని, మేనేజరుగారు భోజనమునకు పోయిరని పెట్రోలు పోయు కుఱ్ఱవాడు చెప్పెను. ఎంతసేపని అడిగితిమి. తెలియదనెను. "ఫోను చేసి కనుక్కో నాయనా, పదిహేడుమంది ఆడవాళ్లున్నారు" అంటిమి గట్టిగ. అంతగట్టిగ అనుట మాకే క్రొత్తగ నుండెను. బస్సుకిటికీలు తెరచుకొన్నవి. కుఱ్ఱవాడు ఫోను చేసెను. పావుగంటకు మోటారుసైకిలుమీద తాళపుచెవి వచ్చినది.

తలుపు తీసిచూడగ లోపల కుళాయి పనిచేయుటలేదు. కుఱ్ఱవానిని వెంటబెట్టుకొని పోయి, కార్లు కడుగుచోటనుండి రెండు బకెట్లు నింపించి, ఒకటి మేము మోసితిమి. వరుసలో ముందర నిలుచున్నది మా పినతల్లి, డెబ్బదియైదేండ్ల మనిషి. ఆమె వెనుక మా కోడలు, చేతిలో నీళ్లసీసా, సగము ఖాళీ. రెండవ బకెట్టు తెచ్చుచుండగా మా యింటావిడ ఎదురువచ్చి, బకెట్టు అందుకొని, ఇటునటు చూచి, "చాల్లెండి, మీరింక వెళ్లి బస్సులో కూర్చోండి. మీరిక్కడ నిలబడితే మేమెలా వెళ్తాం?" అన్నది.

మేము పోయి బస్సులో కూర్చుంటిమి.